సంకెళ్ల కోసం వెతికితే కనబడని నేరం

మానవ అక్రమ రవాణా మీద అవగాహన కోసం వేసే పోస్టర్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. చీకటి గది, మూలన ముడుచుకుని కూర్చున్న అమ్మాయి, చేతులకు తాడో గొలుసో, నోటికి అడ్డంగా ఎవరిదో మగచెయ్యి. వేసినవాళ్ల ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ఆ బొమ్మ మన కళ్లకు ఒక తప్పు అలవాటు చేసింది. పట్టపగలు అందరి ముందూ పని చేస్తూ, అడిగితే నవ్వుతూ జవాబిచ్చే మనిషి కూడా ఈ నేరంలో చిక్కుకుని ఉండొచ్చని ఆ పోస్టర్ చూసినవాళ్లకు తట్టదు. అంతకంటే బాధ కలిగించే సంగతి, చిక్కుకున్న మనిషికి కూడా తట్టదు. "నన్నెవరూ ఎత్తుకురాలేదు, నేనే కదా వచ్చాను" అనుకుంటాడు.

ఆ బొమ్మ నిన్నమొన్నటిది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరప్‌లో తెల్లజాతి అమ్మాయిలను ఎత్తుకుపోయి వ్యభిచార గృహాలకు అమ్మేస్తున్నారని పెద్ద గగ్గోలు లేచింది. 1904లో పారిస్‌లో కుదిరిన మొదటి అంతర్జాతీయ ఒప్పందం పేరులోనే 'తెల్ల బానిసల వ్యాపారం' అన్న మాట ఉంది. అదే కాలంలో వలస పాలకుల తోటల్లో, గనుల్లో లక్షల మంది అప్పులకూ ఒప్పంద కాగితాలకూ కట్టుబడి చాకిరీ చేస్తున్నారు. వాళ్ల ఊసు అందులో లేదు. 1921లో నానాజాతి సమితి ఆ పేరులోంచి తెలుపును తీసేసి 'స్త్రీలు, పిల్లల వ్యాపారం' అంది. మగవాళ్లు అప్పటికీ లెక్కలోకి రాలేదు. వందేళ్లు దాటినా పోస్టర్ మీద బొమ్మ పెద్దగా మారలేదు.

మన భాషలో ఇంకో చిక్కుంది. 'అక్రమ రవాణా' అనగానే లారీలు, సరిహద్దులు, రాత్రివేళ దాటించే పడవలు మనసులో మెదులుతాయి. చట్టం దృష్టిలో ఈ నేరానికి ప్రయాణమే అక్కర్లేదు. పుట్టిన ఇంటి నుంచి వీధి చివరకైనా వెళ్లని మనిషి మీద కూడా ఇది జరగొచ్చు. 'వెట్టి' అని మనకు పాత మాట ఒకటి ఉంది. అసలు సంగతికి అదే దగ్గరగా ఉంటుంది.

ఇవాళ ప్రపంచంలో చాలా దేశాల చట్టాలకు మూలం 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పలెర్మో ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందం. అది 2003 డిసెంబరు 25న అమల్లోకి వచ్చింది. అందులోని నిర్వచనం పొడుగ్గా ఉన్నా విప్పి చూస్తే మూడు ప్రశ్నలే. ఏం చేశారు? మనిషిని పనికి కుదిర్చారా, తరలించారా, మరొకరికి అప్పగించారా, దాచి ఉంచారా, తమ దగ్గరికి రప్పించుకున్నారా? ఎలా చేశారు? బెదిరించా, బలవంతంగానా, ఎత్తుకొచ్చా, మోసంతోనా, అధికారం చూపించా, దిక్కులేనితనాన్ని వాడుకునా, ఆ మనిషి మీద పట్టున్న వేరొకరికి డబ్బిచ్చా? ఎందుకు చేశారు? వ్యభిచారంలో దించడానికా, వెట్టి చేయించడానికా, బానిసగా ఉంచుకోవడానికా, అవయవాలు తీయడానికా? ఈ మూడూ కలిస్తే నేరం. మొదటి ప్రశ్నకు తరలింపు ఒక జవాబు మాత్రమేనన్నది గమనించండి. మనిషిని కదిలించకుండా తన అదుపులో పెట్టుకున్నవాడూ నేరస్తుడే.

ఇదే ప్రోటోకాల్‌లో మామూలు జనానికి ఎవరూ సరిగ్గా చెప్పని సంగతి ఒకటుంది. మోసం, బెదిరింపు లాంటివి వాడినట్టు తేలితే "ఆ మనిషి ఒప్పుకునే వచ్చాడు" అన్న వాదన చెల్లదు. సంతకం ఉన్నా, తనే టికెట్ కొనుక్కుని వచ్చినా, నవ్వుతూ ఫోటో దిగినా చెల్లదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో రెండో ప్రశ్న అడగనే అక్కర్లేదు. దోచుకోవడం కోసం పిల్లను పనికి కుదిర్చారని తేలితే చాలు, బలవంతం చేశారా లేదా అన్న విచారణతో పని లేదు. "పిల్ల ఇష్టపడే వచ్చింది", "తల్లిదండ్రులే పంపారు" అనే మాటలు ఎన్ని కేసులను మొదట్లోనే ముంచేస్తాయో తెలిస్తే, ఈ ఒక్క నియమాన్ని బళ్లలో చెప్పాలనిపిస్తుంది.

దొంగదారిన సరిహద్దు దాటించడం వేరే నేరం. ఐక్యరాజ్యసమితి అదే 2000లో దానికి విడిగా ప్రోటోకాల్ చేసింది. దాటించినవాడు డబ్బు తీసుకుని అవతల దింపేసి పోతాడు, లావాదేవీ అక్కడితో సరి. రవాణాలో అసలు వ్యాపారం దిగిన తర్వాతే మొదలవుతుంది. మొదటిదిగా బయల్దేరింది దారి మధ్యలో రెండోదిగా మారడం మామూలు. దాటించిన ఖర్చు పని చేసి తీర్చమనే చోట ఆ మలుపు వస్తుంది.

అక్కడి నుంచి అప్పు మొదలవుతుంది. నన్నడిగితే ఈ నేరం గురించి ఒక్కటే నేర్చుకునే తీరిక ఉన్నవాళ్లు ఈ అప్పు లెక్క నేర్చుకోవాలి.

ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. దూరంగా ఒక పని ఉందన్నారు, నెల జీతం ఇంత అన్నారు. ఆ జీతాన్ని ఒక పాలు అనుకోండి. ఏజెంటు రుసుము, కాగితాలు, ప్రయాణం, వైద్య పరీక్ష అన్నీ కలిపి ఎనిమిది పాళ్లు అప్పు చేశాడు. ఎనిమిది నెలలు కష్టపడితే తీరిపోతుంది, తర్వాతదంతా మిగులే అని ఇంట్లో లెక్కేసుకున్నారు. దిగాక జీతం సగమే అన్నారు, ఆ కాగితం వేరు ఈ కాగితం వేరు అన్నారు. ఆ సగంలో సగం గదికీ తిండికీ కోశారు. చేతికి వచ్చేది పావు పాలు. ఎనిమిది నెలల అప్పు ఇప్పుడు ముప్పై రెండు నెలలైంది. ఇది వడ్డీ కలపకుండా. నెలకు నూటికి రెండు వడ్డీ అయితే, చేతికొచ్చిన ప్రతి పైసా అప్పుకే కట్టినా నాలుగేళ్లు దాటుతుంది. నూటికి మూడైతే తొమ్మిదేళ్లు. నాలుగైతే ఎప్పటికీ తీరదు, ఎందుకంటే నెల నెలా పుట్టే వడ్డీయే అతని చేతికొచ్చే డబ్బు కంటే ఎక్కువ. ఇందులో జబ్బు చేసిన రోజుకు కోత లేదు, ఆలస్యానికి జరిమానా లేదు, ఇంటికి పంపిన పైసా లేదు. నిజం పద్దుల్లో అవన్నీ ఉంటాయి.

ఆ గదికి తాళం ఉండదు, వేయాల్సిన అవసరమే ఉండదు. అతను వెళ్లిపోతే అప్పిచ్చినవాడు నేరుగా ఇంటి గుమ్మం ముందు నిలబడతాడు. ఆ సంగతి అతనికి తెలుసు, యజమానికి ఇంకా బాగా తెలుసు.

1956లో బానిసత్వంపై చేసిన అనుబంధ ఒప్పందం ఈ పరిస్థితిని ఎంతో సూటిగా పట్టుకుంది. అప్పుకు బదులుగా మనిషి తన శ్రమను తాకట్టు పెట్టినప్పుడు, ఆ శ్రమ విలువను న్యాయంగా కట్టి అప్పులోంచి తగ్గించకపోయినా, ఎంతకాలం ఏ పని చేయాలో హద్దు లేకపోయినా దాన్ని రుణ దాస్యం అనాలంది. అంటే చూడాల్సింది అప్పు ఉందా అని కాదు. పని చేసేకొద్దీ తరుగుతోందా అని.

ప్రైవేటు ఉపాధి ఏజెన్సీలు పనికి వెళ్లేవారి దగ్గర నేరుగా గానీ చుట్టుతిప్పి గానీ ఏ రుసుమూ వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం చెబుతోంది. దాన్ని ఆమోదించని దేశాలు ఎన్నో ఉన్నాయి, చట్టం రుసుమును కొంతవరకు అనుమతించే చోట్లూ ఉన్నాయి. అయినా ఉద్యోగం వెతుక్కునే ప్రతి ఒక్కరూ ఈ సూత్రాన్ని మనసులో పెట్టుకోవాలి. మనుషులు కావలసింది యజమానికి, కాబట్టి వెతికి తెచ్చిన ఖర్చు భరించాల్సిందీ యజమానే. ఆ ఖర్చు పనివాడి నెత్తిన పడ్డ క్షణాన పద్దులో మొదటి అంకె పడినట్టే.

అప్పుకు తోడు ఇంకా కొన్ని పట్లుంటాయి. "పోకుండా భద్రంగా ఉంచుతాం" అని పాస్‌పోర్టు తీసుకుంటారు. కాగితాలు లేని మనిషి పోలీసుకు భయపడతాడు. "బయటికెళ్తే నిన్నే లోపలేస్తారు" అని యజమాని చెప్పేది చాలా చోట్ల నిజమే కావడం ఇందులోని ఘోరం. భాష రాదు, ఊరు తెలియదు, ఫోన్ వాళ్ల దగ్గర ఉంటుంది. వ్యభిచారంలోకి దించినవాళ్ల దగ్గర ఫోటోలు, వీడియోలు ఉంటాయి. కొన్ని సందర్భాల్లో దోచుకునేవాడే ప్రేమించినవాడు. మొదటి ఆరు నెలలూ బహుమతులిచ్చి, కష్టసుఖాలు విని, ఇంట్లోవాళ్లకు దూరం చేసి, ఆ తర్వాత "మనిద్దరి కోసం ఒక్కసారి" అని అడిగినవాడు. ఆ అమ్మాయిని "ఎందుకు పారిపోలేదు" అని అడిగేవాళ్లు తలుపును చూస్తున్నారు, ఆమె మనసును ఎలా కట్టేశారో చూడటం లేదు.

నేరస్తుడు ముక్కూమొహం తెలియనివాడై ఉంటాడన్న నమ్మకమూ పోస్టర్ల పుణ్యమే. బంధువు, పక్కింటివాడు, ముందు వెళ్లివచ్చిన స్నేహితుడు, ప్రియుడు, ఒక్కోసారి కన్నవాళ్లు. నమ్మకం లేనిచోట ఈ వ్యాపారం మొదలే కాదు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం నివేదికలు చూస్తే ఈ నేరంలో శిక్ష పడ్డవారిలో స్త్రీల వాటా మిగతా నేరాల కంటే చాలా ఎక్కువ. వారిలో కొందరు మొదట తామే బాధితులు. తన అప్పు తీరాలంటే ఇంకో ఇద్దరిని తెమ్మన్నారు, తెచ్చింది. అలాంటి మనిషిని బాధితురాలనాలా నేరస్తురాలనాలా అన్నది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు, తేలిగ్గా తేల్చేవాళ్లను నేను నమ్మను.

ఇక అంకెలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, వాక్ ఫ్రీ అనే మానవ హక్కుల సంస్థ, అంతర్జాతీయ వలసల సంస్థ కలిసి 2022లో వెలువరించిన అంచనా ప్రకారం, 2021లో ఏ రోజున చూసినా 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు. వీరిలో స్త్రీలు, బాలికలు కోటి 18 లక్షలు. అంటే సగానికి పైగా మగవాళ్లే. వ్యభిచారంలోకి బలవంతంగా దించినవారు 63 లక్షలు, ప్రైవేటు యజమానుల కింద ఇతర పనుల్లో నలుగుతున్నవారు కోటి 73 లక్షలు, ప్రభుత్వాలే బలవంతంగా పని చేయిస్తున్నవారు 39 లక్షలు. ఇళ్లలో పని, కట్టడాలు, పొలాలు, చేపల పడవలు, కార్ఖానాలు అన్నీ ఇందులో ఉన్నాయి. బలవంతపు చాకిరీ, అక్రమ రవాణా రెండూ చట్టంలో అచ్చంగా ఒకటి కాకపోయినా, ఒకదాని కొలత తెలియకుండా రెండోది అర్థం కాదు.

డబ్బు లెక్క చూస్తే బొమ్మ తిరగబడుతుంది. ప్రైవేటు రంగంలోని బలవంతపు చాకిరీ ఏటా 23,600 కోట్ల డాలర్ల అక్రమ లాభం తెచ్చిపెడుతోందని అదే కార్మిక సంస్థ 2024లో లెక్కకట్టింది. అందులో దాదాపు 73 శాతం లైంగిక దోపిడీ నుంచే వస్తోంది. మనుషుల సంఖ్యలో తక్కువ, లాభంలో ఎక్కువ. కాబట్టి ఆ అమ్మాయిల గురించి మాట్లాడటం తగ్గించాలని ఎవరూ అనలేరు. పడవలో వల లాగుతున్న మనిషినీ, ఎవరి ఇంట్లోనో అంట్లు తోముతున్న పిల్లనూ కూడా చూడాలన్నదే నా మొర.

ఈ మధ్య కొత్తగా పుట్టిన రూపం మన పాత అభిప్రాయాలన్నిటినీ తలకిందులు చేసింది. బాగా చదువుకుని, కంప్యూటర్ తెలిసి, రెండు మూడు భాషలు వచ్చిన యువతకు మంచి జీతంతో ఉద్యోగమని మెసేజ్ వస్తుంది. వెళ్లాక ఎత్తైన గోడల మధ్య కూర్చోబెట్టి, ఫోన్లలో మనుషులను నమ్మించి డబ్బు కాజేసే ఆన్‌లైన్ స్కామ్‌లు చేయిస్తారు. రోజువారీ లక్ష్యం చేరకపోతే కొడతారు, కరెంటు షాక్ పెడతారు, ఇంకో ముఠాకు అమ్మేస్తారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ఇచ్చిన నివేదిక మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఇలా ఇరుక్కుని ఉండొచ్చని అంచనా వేసింది. పేదవాళ్లు, చదువులేనివాళ్లే చిక్కుకుంటారన్న ధీమా ఇక పనికిరాదు.

ఇక్కడ న్యాయానికి గట్టి పరీక్ష ఎదురవుతుంది. ఆ కుర్రాడు ఎవరి జీవితకాలపు పొదుపునో మాయం చేశాడు. పోగొట్టుకున్న మనిషి కన్నీళ్లు అబద్ధం కావు. అతని ఒంటి మీద వాతలూ అబద్ధం కావు. బలవంతపు చాకిరీపై 2014లో వచ్చిన ప్రోటోకాల్, బాధితులు బలవంతం మీద చేసిన నేరాలకు వారిని శిక్షించకుండా వదిలే అధికారం అధికారులకు ఉండేలా చూడమని దేశాలను కోరింది. అమలు మాత్రం ఇంకా చాలా వెనకబడి ఉంది. దొంగ వీసా, మత్తుమందు మోసుకెళ్లడం, జేబులు కొట్టడం, వ్యభిచారం లాంటి నేరాల కింద పట్టుబడి ఫైలులో నిందితులుగా నమోదైన మనిషిని "నిన్ను ఇక్కడికి ఎవరు తెచ్చారు, నీ కాగితాలు ఎవరి దగ్గరున్నాయి" అని అడిగే అధికారి దొరికితే కథ మారుతుంది. దొరక్కపోతే శిక్ష ఆ మనిషికి పడుతుంది, తెచ్చినవాడు ఇంకొకరిని తెస్తాడు.

తప్పుడు అవగాహన చేసే నష్టం కూడా చెప్పాలి. 2020 జులైలో, ఆన్‌లైన్‌లో అమ్మే ఖరీదైన అల్మారాల పేరుతో పిల్లలను అమ్ముతున్నారని అమెరికాలో ఒక పుకారు పుట్టింది. అందులో నిజం లేదు. పంచుకున్నవాళ్లలో చాలామంది పిల్లల మీద ప్రేమతోనే పంచుకున్నారు. కానీ ఆ పుకారు మీద వచ్చిపడ్డ ఫిర్యాదుల వల్ల నిజమైన ఆపదలో ఉన్నవారికి సాయం అందించడం కష్టమవుతోందని అక్రమ రవాణా బాధితుల కోసం అక్కడి జాతీయ హెల్ప్‌లైన్ నడిపే సంస్థ బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఫోన్‌లో మెసేజ్ రాగానే పదిమందికి పంపేసేవాళ్లు కూడా ఇదే పొరపాటు చేస్తున్నారు. దారినపోయే అమాయకుడు ఆ మెసేజ్ వల్ల దెబ్బలు తింటాడు. తెలిసినవాళ్లే కుదిర్చిన 'మంచి ఉద్యోగం' మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

మరి ఏం చూడాలి? ఒక్క గుర్తును పట్టుకుని తేల్చేయకూడదు, కొన్ని కలిసి కనబడితే ఆగాలి. ఏం అడిగినా పక్కనున్నవాడే జవాబిస్తాడు. తను ఏ చిరునామాలో ఉంటోందో ఆమెకు తెలియదు. జీతం ఎంతో చెప్పగలడు గానీ చివరిసారి ఎప్పుడు చేతికొచ్చిందో చెప్పలేడు. సెలవు మాట వినగానే చూపు తిప్పుకుంటాడు. కాగితాలు "వాళ్ల దగ్గర" ఉంటాయి. జవాబులు ముందే బట్టీ పట్టినట్టు ఉంటాయి. డాక్టర్లు, నర్సులు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఇవన్నీ మనకంటే దగ్గరగా చూస్తారు. రోగిని ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడించడం, దుభాషిగా వెంట వచ్చినవాణ్ణి కాక బయటి మనిషిని పెట్టుకోవడం అనే రెండు చిన్న పనులు పెద్ద పోస్టర్ కంటే మేలు చేస్తాయి.

అనుమానం వచ్చాక మీరే తలుపు తట్టి నిలదీయొద్దు. మీరు వెళ్లిపోయాక ఆ రాత్రి లోపల ఏం జరుగుతుందో మీకు తెలియదు. ఫోటో తీసి ఎక్కడా పెట్టొద్దు. చూసింది చూసినట్టు, చోటు, సమయం, వాహనం వివరాలు రాసుకుని హెల్ప్‌లైన్‌కో పోలీసులకో చెప్పండి, మిగతాది వాళ్లు తేల్చనివ్వండి. ఆ మనిషితో ఒంటరిగా మాట కలిసే వీలుంటే "నువ్వు బాధితురాలివా" అని ఎవరూ అడగక్కర్లేదు. ఆ మాట ఆమెకు చెందినదిగా ఆమెకు అనిపించదు. "పని ఎలా ఉంది? చెప్పినంత ఇస్తున్నారా? ఇంటికి వెళ్లాలంటే వెళ్లనిస్తారా?" అంటే అర్థమవుతుంది.

ఐక్యరాజ్యసమితి నేరాల విభాగం 2022 నివేదిక కోసం కోర్టు కేసులను పరిశీలించినప్పుడు ఒక సంగతి బయటపడింది. చెర నుంచి బయటపడ్డవారిలో 41 శాతం మంది తమంతట తామే అధికారులను చేరుకున్నారు. ఎవరో వచ్చి తలుపులు బద్దలుకొట్టడం కోసం వాళ్లు ఎదురుచూడలేదు. కాబట్టి అవగాహన మొదట చేరాల్సింది చిక్కుకున్నవారికే. "నీ మీద జరుగుతున్నది నేరం, సంతకం పెట్టినా నేరమే, అప్పున్నా నువ్వు వెళ్లిపోవచ్చు" అని వాళ్లకు వచ్చిన భాషలో, వాళ్ల కంటపడే చోట ఉండాలి. మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు అతికించిన చిన్న కాగితం చాలు, ఎందుకంటే కాపలావాడు వెంట రాని చోటు అదొక్కటే కావచ్చు.

బయటపడ్డాక కథ ముగిసిందని మనం అనుకుంటాం. అప్పు మాత్రం ఇంట్లో అలాగే ఉంటుంది. జీతం బకాయి రాదు, పరిహారం ఇప్పించమని కోర్టుకు వెళ్లే ఓపిక ఉండదు. మనిషి ఖాళీ చేతులతో దిగుతాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే నలుగురూ అడిగే మొదటి మాట "ఎంత సంపాదించుకొచ్చావు?" తలెత్తుకోలేక ఏదో ఒక అంకె చెబుతాడు. పని బావుందంటాడు, ఆరోగ్యం సరిపడక వచ్చేశానంటాడు. వింటున్నవాళ్లలో అతని తమ్ముడో పక్కింటి కుర్రాడో ఉంటాడు. వారం తిరక్కుండా వాడు అదే ఏజెంటుకు ఫోన్ చేస్తాడు.